మూడు గంటల పళ్ళెం

మాండలే,
2005 జులై 24, ఆదివారం.

ఈ రోజు పనులు: మఠానికి అన్నం, రెండు కూరలు వండి పంపడం. వానకు తడిసిన పరుపులు మేడ మీద ఆరేసి, మళ్ళీ వానకు తడవకుండా దించడం. వెల్లుల్లి ఒలిచి, వేయించి, సీసాకెత్తడం. దుకాణం తాళాలు తీసుకోవడం.

సో యిన్ అక్కకు తాన్ న్వే రాసేది.

చివరి పని చూసి కంగారు పడకు. మీ మరిదిగారు వాసో పున్నమినాడు గుండు చేయించుకుని చీవరం కట్టుకున్నారు. వానాకాలం మూడు నెలలూ మఠంలో ఉంటానని రెండేళ్ళుగా అంటూనే ఉన్నారు కదా, ఈసారి అన్నంత పనీ చేశారు. నిన్న వెళ్ళి, ఇరవై ఆరేళ్ళు కాపురం చేసిన మనిషికి మోకాళ్ళ మీద కూర్చుని మొక్కాను. తలెత్తేసరికి ఆయనే ముందు చూపు తిప్పుకున్నారు, నవ్వొస్తుందని.

దుకాణం ఎవరు చూస్తారని ఆయన తమ్ముడు లా పె పున్నమి మర్నాడే వచ్చి కూర్చున్నాడు. "వదినా, ఇల్లు నడపడం వేరు, ఊరేసిన తేయాకు లఫెట్ వ్యాపారం వేరు. నాకు అమ్మెయ్యి. అన్నయ్య కూడా కాదనడు" అన్నాడు. "నీ పెళ్ళికి ఎనిమిది వందల మందికి వంట చేయించి, ఒక్క గరిటె పోకుండా లెక్క అప్పజెప్పింది ఎవరయ్యా?" అన్నాను. టీ తాగి వెళ్ళిపోయాడు.

నువ్వు ఈ గడప తొక్కక చాలా కాలమైంది కనుక చెబుతున్నాను. ఇప్పుడు పద్నాలుగు తొట్లున్నాయి. కొండల మీద నుంచి వచ్చిన ఊరిన తేయాకు వాటిలో రాళ్ళ బరువు కింద ఉంటుంది. పన్నెండు మంది ఆడవాళ్ళు కూర్చుని ఈనెలు, ముదురాకులు ఏరేస్తారు. వాళ్ళకు పెద్ద డో ప్వా షిన్. ఈ మూడు నెలలూ పెళ్ళిళ్ళుండవు. వ్రతం ముగిసి దీపాల పండుగ వెళ్ళగానే దేశమంతా పెళ్ళిళ్ళే, పిలుపు చెప్పడానికి ఇంటింటికీ లఫెట్టే పంపాలి. అప్పటికి నా చేతిలో దుకాణం ఎలా ఉంటుందో చూద్దువుగాని.

నీ చెల్లెలు
తాన్ న్వే

మౌల్మేన్,
2005 ఆగస్టు 3.

ఒసే తాన్ న్వే,

అమ్మ నేర్పిన అలవాటు నువ్వింకా మానలేదన్నమాట. నేనైతే చేసిన పనులు రాయను. రాస్తే ఇంత పని చేశానా అని అలసట వస్తుంది. ఇక్కడ ఆగకుండా వాన. గోడలకు నాచు, నా కోడళ్ళిద్దరి మొహాలకు నాచు. పంపర పనసలు పంపాను, దారిలో నలగకపోతే నీ అదృష్టం.

ఇక నీ దుకాణం. నువ్వు మంచి ఇల్లాలివే, కాదనను. డబ్బాల మీద పేర్లు రాసి వరసగా పెట్టుకునేదానివి. కానీ మనుషుల్ని డబ్బాల్లా వరస పెట్టాలని చూస్తావే, అది నాకు తెలుసు. చిన్నప్పుడు నా జడ కూడా నీకు నచ్చినట్టు అల్లేదానివి.

అందుకని పందెం. మా మరిది మూడు నెలల్లో చీవరం విప్పుతాడని నాకు నమ్మకం లేదు. వచ్చే వాసో లోపల ఆ తాళాలు లా పె చేతిలో పెడతావు. పెట్టకపోతే, నేను రెండు రైళ్ళెక్కి మాండలే వచ్చి, మీ ఇంట్లో ఒక రోజంతా ఈనెలు ఏరుతాను. అవును, ఆ ఇంట్లోనే. నీ పెళ్ళినాడు మీ అత్తగారు నలుగురిలో "సముద్రపు ఉప్పునీళ్ళ వాళ్ళకు చేపల ముద్ద తెలుసుగానీ ఆకు రుచేం తెలుసు" అన్నప్పుడు, మళ్ళీ ఈ గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్న ఇంట్లోనే. ఆవిడ పోయినా నా ఒట్టు పోలేదు. దాన్ని పందెంలో పెడుతున్నానంటే, నీ మీద నాకెంత నమ్మకమో చూసుకో.

సో యిన్

మాండలే,
2005 సెప్టెంబర్ 4.

ఈ రోజు పనులు: మఠానికి అన్నం. తొట్లకు వరస సంఖ్యలు వేయించడం. నూనె డబ్బాలు కొత్త అరల్లోకి మార్చడం. పన్నెండు పొట్లాలు కట్టడం.

అక్కా,

పందెం ఒప్పుకున్నాను. రైలు టికెట్టుకు డబ్బు దాచుకో.

నెలా పదిరోజుల్లో దుకాణం రూపు మార్చేశాను. ఉప్పు ఒకచోట, నువ్వులు ఒకచోట, ఎవరు ఏ తొట్టి చూడాలో గోడ మీద రాసి ఉంది. ఎవరికైనా చెప్పుకునేది ఉంటే పొద్దున పని మొదలుకాకముందు ఒక్కొక్కరే నా గదికి రావాలి. ఇదివరకు ఎప్పుడు పడితే అప్పుడు వచ్చి ఆయన చెవి కొరికేవాళ్ళు.

అన్నిటికన్నా పెద్ద మార్పు మూడు గంటల పళ్ళెం. రోజూ మూడింటికి పని ఆపి, పెద్ద పళ్ళెంలో లఫెట్ కలిపి, వేయించిన చిక్కుళ్ళు, వేరుసెనగలు, ఎండు రొయ్యలు చుట్టూ పోసుకుని పన్నెండు మందీ కూర్చునేవాళ్ళు. మీ మరిదిగారూ వెళ్ళి మధ్యలో కూర్చునేవారు. అరగంట అనేవాళ్ళు, గంట దాటేది. చెయ్యి వేగంగా ఆడేవాళ్ళు ఎక్కువ తినేవాళ్ళు, మెతక మనుషులకు చిక్కుళ్ళ పొట్టు మిగిలేది. నాకు మనసొప్పలేదు. పళ్ళెం ఆపేసి ఎవరి వాటా వాళ్ళకు సమానంగా పొట్లం కట్టి, ఇంటికి తీసుకెళ్ళమని ఇస్తున్నాను. నిజానికి ఇదివరకటికంటే ఎక్కువే ఇస్తున్నాను. పిసినారితనం అని ఎవరూ అనలేరు.

ఎవరూ ఏమీ అనలేదు కూడా. డో ప్వా షిన్ పొట్లాన్ని ఒకసారి అరచేతిలో తూచి, సంచిలో వేసుకుంది. ఇప్పుడు ఆ హాల్లో ఆకు కింద పడితే వినపడుతుంది, అంత నిశ్శబ్దంగా పని సాగుతోంది.

తాన్ న్వే

మౌల్మేన్,
2005 సెప్టెంబర్ 15.

తాన్ న్వే,

పన్నెండు మంది ఆడవాళ్ళు, నిశ్శబ్దం! నా వంటింట్లో ఇద్దరు కోడళ్ళు కాసేపు మాట్లాడకపోతే నేను లేచి వెళ్ళి కుండలో చూస్తాను. ఏదో ఒకటి మాడి ఉంటుంది.

వెళ్ళి మూతలు తీసి చూడు.

సో యిన్

మాండలే,
2005 అక్టోబర్ 1.

ఈ రోజు పనులు: హాలు ఊడ్చి కడగడం. ఒకటో తొట్టి ఆకు ఏరడం. రెండో తొట్టి ఆకు ఏరడం, సగం. మఠానికి అన్నం, ఒక కూర.

అక్కా,

ఇక్కడ అందరం క్షేమం. పంపర పనసలు అప్పుడే నలగకుండా చేరాయి, రాయడం మరిచాను. పని ఎక్కువగా ఉండి పెద్ద ఉత్తరం రాయలేకపోతున్నాను. ఏమీ అనుకోకు.

తాన్ న్వే

మౌల్మేన్,
2005 అక్టోబర్ 8.

ఏమే,

పన్నెండు మంది పనివాళ్ళున్న యజమానురాలు హాలు కడగడమేమిటి? ఆకు ఏరడమేమిటి? ఇంట్లో పెళ్ళి పెట్టుకున్న రోజు కూడా నాలుగు పేజీలు రాసినదానివి, పని ఎక్కువైందని నాలుగు ముక్కలు రాస్తావా?

వాళ్ళందరూ ఎక్కడికి పోయారు? చెప్పు. పందెం సంగతి తర్వాత. ముందు నేను నీ అక్కని.

సో యిన్

మాండలే,
2005 అక్టోబర్ 14.

ఈ రోజు పనులు రాయడం లేదు.

అక్కా,

పోయిన నెల నీ ఉత్తరం వచ్చాక వెళ్ళి మూతలు తీశాను. ఆరో తొట్టి, తొమ్మిదో తొట్టి జిగురు పట్టి ఉన్నాయి. మూత వాలిపోయి, గాలి తగిలి, మంచి ఆకు అంతా పాడైంది. పారబోయడం తప్ప ఇంకో దారి లేదు. ఆరా తీస్తే వాసన మారిందని హాల్లో అందరికీ వారం రోజులుగా తెలుసు. నాకొక్కదానికే తెలియదు.

నాకు కోపం ఆగలేదు. అందరి ముందూ డో ప్వా షిన్‌ను నిలబెట్టి, "ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడ అన్నం తింటున్నావు, నోరు తెరిచి ఒక్క మాట చెప్పలేకపోయావా? పెద్దదానివి ఎందుకు, దిష్టిబొమ్మలా కూర్చోడానికా?" అన్నాను. ఆవిడ నా తల్లి వయసుది. తన చేట బోర్లించి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది. మర్నాడు ఒక్కరూ రాలేదు.

కోపం దిగాక తప్పు తెలిసింది. మన దగ్గర తగవు తీరాలంటే ఇద్దరూ కలిసి లఫెట్ తినాలి కదా. మా దుకాణంలో మొదటి రకం తీసి, అత్తగారి లక్కపెట్టెలో సర్ది, దుకాణం మనిషి చేత డో ప్వా షిన్ ఇంటికి పంపించాను. మూత కూడా తియ్యకుండా తిప్పి పంపింది. "ఎవరింట్లో పెళ్ళో చెప్పు, పిలుపు చీటీ లేదు" అందట.

ఇంకో మూడు రోజుల్లో వ్రతం ముగుస్తుంది, మీ మరిదిగారు మాత్రం ఇంకొన్నాళ్ళు మఠంలోనే ఉంటానంటున్నారు. నవంబర్ నడిమికి రంగూన్‌కు, పెగూకు పంపాల్సిన లఫెట్ ఏడు వందల వీశెలు. ఏరడానికి నా రెండు చేతులే ఉన్నాయి. కొత్తవాళ్ళను పిలిస్తే ఎవరూ రావడం లేదు, డో ప్వా షిన్ లేని హాలుకు వచ్చేది లేదంటున్నారు. నిన్న లా పె కాగితం కూడా రాయించుకుని వచ్చాడు. "ఒక్క సంతకం చాలు వదినా, ఈ బరువు దిగిపోతుంది" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు, నిజంగానే జాలిపడ్డాడు. అదే ఎక్కువ బాధగా ఉంది. నవంబర్ దాకా ఆగమన్నాను. అప్పటికి సరుకు పంపలేకపోతే పెడతానన్నాను, సంతకం.

తాన్ న్వే

మౌల్మేన్,
2005 అక్టోబర్ 20.

చెల్లీ,

ఏడవకు. ఏడిస్తే ఆకులో ఉప్పు ఎక్కువవుతుంది.

నువ్వు చేసింది నువ్వే మళ్ళీ చదువుకో. లఫెట్ ఒకరి చేత పంపితే ఏమిటి? పిలుపు. మన కూతుళ్ళ పెళ్ళికి ఇంటింటికీ అలాగే పంపాం. స్వయంగా పట్టుకెళ్తే ఏమిటి? అది వేరు, అది రాజీ. ఈ తేడా చంటిపిల్లకు కూడా తెలుసు. గద్దె మీద కూర్చునేసరికి నువ్వు మర్చిపోయావు.

ఇంకొకటి. ఆ మొదటి రకం ఆకు ఏరినవి ఎవరి చేతులు? ఆవిడవే కదా. ఆవిడ కష్టాన్ని పెట్టెలో పెట్టి ఆవిడకే క్షమాపణగా పంపుతావా?

నువ్వు ఏరు. నువ్వు కడుగు, నువ్వు పిసుకు, చిక్కుళ్ళు నీ పొయ్యి మీద వేయించు. నువ్వే పట్టుకెళ్ళు. గొడుగు పట్టే మనిషిని వెంట తీసుకెళ్ళకు.

పందెం నేను గెలవాలని లేదు. ఈ మాట ఎవరికీ చెప్పకు.

సో యిన్

మాండలే,
2005 నవంబర్ 6.

ఈ రోజు పనులు: మఠానికి అన్నం, రెండు కూరలు, పాయసం. పెద్ద పళ్ళెం తోమించడం. చిక్కుళ్ళు, వేరుసెనగలు, నువ్వులు వేయించడం. హాలు ఊడవలేదు, ఊడ్చేవాళ్ళున్నారు.

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. రెండు రోజులు కూర్చుని ఏరాను. వంటింటి చెయ్యి కదా, పని రాకపోలేదు, కానీ నడుము పట్టేసింది. పెట్టె పట్టుకుని నడిచి వెళ్ళాను. డో ప్వా షిన్ గుమ్మంలో కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటోంది.

"ఏ పెళ్ళికమ్మా పిలుపు?" అంది, లేవకుండానే.

"పెళ్ళి కాదు పెద్దమ్మా. తప్పు నాది. నాతో కలిసి తింటావేమోనని వచ్చాను."

"ఎవరు ఏరారు?"

"నేనే."

"చేతులు చూపించు."

చూపించాను. గోళ్ళ సందుల్లో పచ్చరంగు ఇంకా వదల్లేదు. అప్పుడు చాప వేసింది. మూత తీసి, ఒక చిటికెడు ఆకు వెలుతురులోకి పట్టి, సన్నటి ఈన ఒకటి లాగి మూత అంచు మీద పెట్టింది. ఇంకొకటి. ఇంకొకటి.

"ఇవిగో యజమానురాలా, నీ ఈనెలు. మా దగ్గర కొత్తపిల్లయితే ఈపాటికి ఇంటికి తోలేసేదాన్ని."

"తోలెయ్యి. రేపు మళ్ళీ వస్తాను."

నవ్వు ఆపుకుంది. ఆ తర్వాత అడక్కుండానే చెప్పింది. "ముప్ఫై ఏళ్ళు మీ పళ్ళెంలో తిన్నాను. నువ్వొచ్చి పొట్లం కట్టి చేతిలో పెట్టావు. పొట్లం ఎవరికిస్తారే తల్లీ? కొనుక్కుపోయేవాళ్ళకిస్తారు. ఇంట్లోవాళ్ళకు పళ్ళెంలో పెడతారు."

"సమానంగా అందాలని..."

"సమానంగానే అందింది, ఎవరు కాదన్నారు? ఆ తొట్ల సంగతి కూడా విను. మూత సరిగ్గా పెట్టంది చిట్ స్వే. దానికి చంటిబిడ్డ, రాత్రుళ్ళు నిద్ర లేదు. పొద్దున్నే నీ బల్ల ముందు ఒంటరిగా నిలబడి దాని పేరు చెబితే చాడీ అవుతుంది. నా నోటితో చాడీ చెప్పనా? అదే పళ్ళెం దగ్గరైతే, 'ఏమే చిట్ స్వే, తొట్టికి కూడా దుప్పటి తీసేసి జోల పాడుతున్నావా' అనేదాన్ని. అందరూ నవ్వేవాళ్ళు. అది సిగ్గుపడి లేచి సర్దేసేది. నీ మొగుడు విని, విననట్టు చిక్కుళ్ళు నమిలేవాడు. అంతే, అయిపోయేది."

అక్కా, నేను తిండి అనుకున్నాను. ఆయన అక్కడ కూర్చుని తిన్నది చాలా కొంచెం. విన్నది ఎక్కువ.

"ఆ పళ్ళెం అటకెక్కించావా, అమ్మేశావా?" అని అడిగింది.

"అటక మీదే ఉంది."

"అయితే తోమించు." అని మూడు వేళ్ళతో ఆకు తీసి నోట్లో వేసుకుంది. నమిలి, కళ్ళు మూసుకుని, "ఉప్పెక్కువ. సముద్రం వాళ్ళ చెయ్యి ఎక్కడికి పోతుంది" అంది. అని ఇంకో రెండుసార్లు తిని, పెట్టె నా వైపు తోసింది. నేనూ తిన్నాను. నిజమే, ఉప్పెక్కువే.

మర్నాడు పన్నెండు మందీ వచ్చారు. మూడింటికి గంట కొట్టి పళ్ళెం మధ్యలో పెట్టి నేనూ కూర్చున్నాను. మొదటి రోజు ఎవరూ నోరు విప్పలేదు. రెండో రోజు చిట్ స్వే తనే, "మూత పెట్టని మహారాణిని నేనేనండీ" అంది. ఆ నవ్వు వీధిలోకి వినిపించి ఉంటుంది. మూడో రోజు నా వంతు వచ్చింది. గోడ మీద రాయించిన సంఖ్యలు దూరం నుంచి కనపడడం లేదట, నేను కళ్ళజోడు కొనిస్తానా, అక్షరాలు పెద్దవి చేయిస్తానా అని అడిగారు. అక్షరాలు పెద్దవి చేయించాను. తొట్ల సంఖ్యలు వాళ్ళకూ నచ్చాయి, అవి ఉంచమన్నారు. అంటే నేను చేసిందంతా తప్పు కాదు, రాసి పెట్టుకో.

సరుకు సగం పంపేశాం, మిగతాది వచ్చే వారం వెళ్తుంది. లా పె కాగితం చిక్కుళ్ళు ఆరబోయడానికి పనికొచ్చింది. అతనే పరిచాడు, పళ్ళెం దగ్గర కూర్చుని.

తాన్ న్వే

మాండలే,
2006 జులై 12.

ఈ రోజు పనులు: మఠానికి అన్నం, కొత్త చీవరం. కొండల నుంచి వచ్చిన బుట్టలు దింపించడం. పద్నాలుగు తొట్లకూ మూతలు చూడడం. నీకు మంచం వేయించడం.

అక్కా,

వాసో పున్నమి మొన్న వెళ్ళింది. తాళాలు నా బొడ్లోనే ఉన్నాయి.

మీ మరిదిగారు మూడు నెలలన్నది ఏడాది చేశారు, ఇప్పుడు ఇంకో వానాకాలం అంటున్నారు. పోయిన వారం మధ్యాహ్నం గుమ్మం దాకా వచ్చినప్పుడు అడిగాను, "స్వామీ, తాళాలు మీకు తెచ్చివ్వమంటారా?" అని. "చీవరానికి జేబు ఉండదు" అన్నారు. లోపల మూడు గంటల నవ్వులు వినిపిస్తున్నాయి. అటు చెవి పెట్టి ఒక నిమిషం నిలబడి వెళ్ళిపోయారు.

తేయాకు వర్తకుల సంఘం వాళ్ళు నన్ను పిలిచి, ఏడాదిలో ఏం నేర్చుకున్నావో నలుగురికీ చెప్పమన్నారు. అందరూ మగవాళ్ళు, ధరల గురించి చెబుతాననుకున్నారు. నేను ఇలా చెప్పాను: "రెండు తొట్లు పాడయ్యాక, నాకెందుకు చెప్పలేదని మా వాళ్ళను అడిగాను. నాకు చెప్పే చోటు ఎక్కడ ఉంచానని నన్ను నేను ముందు అడగాల్సింది. ఒకరి తప్పు ఇంకొకరు నవ్వుతూ చెప్పగలిగే చోటు మా ఇంట్లో ఒకటుండేది, దాన్ని నేనే పొట్లాలు కట్టి పంచేశాను. ఇల్లు నడపడం, వ్యాపారం నడపడం వేరు కాదు. కాకపోతే ఇంట్లో ఎవరూ పొట్లాలు కట్టుకుని తినరు." అని కూర్చున్నాను. "అంతేనా?" అన్నారు అధ్యక్షులు. "మిగతాది మూడింటికి మా హాల్లో ఉంటుంది, రండి" అన్నాను. ఇద్దరు వచ్చారు కూడా.

పందెం గుర్తుంది కదా? చేట కొత్తది కొన్నాను.

తాన్ న్వే

మౌల్మేన్,
2006 ఆగస్టు 9.

ఈ రోజు పనులు: నడుముకు నూనె రాయించుకోవడం, రెండుసార్లు. కోడళ్ళకు మాండలే కబుర్లు చెప్పడం. పెద్ద పళ్ళెం ఒకటి బజారు నుంచి తెప్పించడం.

తాన్ న్వే,

ఇదిగో, నేను కూడా పనులు రాశాను. నీ ఇంటి గాలి తగిలింది.

క్షేమంగా చేరాను. రెండో రైలు ఆలస్యమైంది, మీ ఇంట్లో తిన్నది ఇంకా సగమే అరిగింది. ఆ డో ప్వా షిన్ నోటికి దండం పెట్టాలి. "అమ్మగారూ, ఆకు ఏరుతున్నారా, తలలో పేలు చూస్తున్నారా?" అని పన్నెండు మంది ముందూ అంటుందా! నా చేటలోవి మొత్తం బోర్లించి రెండోసారి ఏరించింది. చిట్ స్వే జాలిపడి తన వంతు నాకు కలపబోతే, "పందెం ఆవిడది, నీది కాదు" అని వేళ్ళ మీద కొట్టింది. నాకు నచ్చింది ఆ మనిషి.

మూడింటికి మీరంతా పళ్ళెం చుట్టూ కూర్చున్నాక నేను కాసేపు చెయ్యి పెట్టలేదు. నువ్వు చూశావు. ఎదురుగా గోడ మీద మీ అత్తగారి ఫోటో ఉంది. పువ్వులు పెట్టావు, దుమ్ము తుడిచావు. ఆవిడ సరిగ్గా నా వైపే చూస్తోంది. అప్పుడు డో ప్వా షిన్ పళ్ళేన్ని నా వైపు తిప్పి, "ఉప్పు సరిపోయిందో లేదో మీరే చెప్పాలి, సముద్రం పక్కవాళ్ళు" అంది. ఆవిడకు ఆ పాత సంగతి ఎవరు చెప్పారో నాకు తెలుసు, నువ్వు చెప్పలేదనకు.

తిన్నాను. ఫోటో వైపు చూస్తూనే తిన్నాను. ఆకు బాగుంది. మా వాళ్ళకు ఆకు రుచి తెలుసని ఆవిడకు కూడా ఈపాటికి తెలిసే ఉంటుంది.

నీ పుస్తకంలో ఇది రాసుకో: సో యిన్ బాకీ, మాండలేలో ఒక రోజు ఈనెలు ఏరడం. తీరింది. ఆ ఇల్లు సో యిన్‌కు బాకీ, పళ్ళెంలో ఒక చోటు. అదీ తీరింది.

సో యిన్